రిప్లై రాని సముద్రం

'ఘాజీ' సినిమా మనలో చాలామంది చూసే ఉంటారు. 2017లో సంకల్ప్ రెడ్డి తీశారు. అది చూశాక నాకు మిగిలిన డౌట్ ఒకటే: సబ్‌మెరైన్ మునిగితే, లోపలున్న కుర్రాళ్ల ఇళ్లకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ 1971 నవంబర్ 14న కరాచీలో బయల్దేరింది. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ దగ్గర పేలి మునిగింది. లోపల 93 మంది. ఒక్కరూ బతకలేదు. మన ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లే అని మనవాళ్లు, కాదు ప్రమాదం అని వాళ్లు. ఆ గొడవ జోలికి నేను పోను.

సబ్‌మెరైన్ బలమంతా దాక్కోవడంలో ఉంటుంది. రేడియోలో మాట్లాడితే ఎక్కడుందో శత్రువుకి తెలిసిపోతుంది. అందుకే బతికున్నా మౌనమే, మునిగినా మౌనమే. నెట్‌వర్క్స్ క్లాసులో మనం చదువుకున్నదే ఇది: అవతలి నుంచి రిప్లై రాకపోతే సర్వర్ పోయిందా, లేటవుతోందా చెప్పలేం. అందుకని టైమౌట్ పెట్టుకుంటాం. అమ్మకి టైమౌట్ ఎంత పెడతారు?

ఘాజీ విషయంలో మొదటి ఆధారాలు ఇచ్చింది మన జాలర్లే. నీళ్ల మీద తేలుతున్న సామాన్లు, ఒక లైఫ్ జాకెట్ వాళ్లకి దొరికాయి. తర్వాత నేవీ డైవర్లు దిగి చూశారు. డిసెంబర్ 9న మన నేవీ బయటికి ప్రకటించింది.

అదే రోజు రాత్రి డయ్యూ తీరానికి దూరంగా మన ఐఎన్ఎస్ ఖుక్రీని పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ టార్పెడోతో కొట్టింది. నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. 67 మంది బతికారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్ ఇంకొకరికి ఇచ్చేసి ఓడతోనే పోయారని అందరూ చెప్తారు. నాకు మాత్రం అందులోనే ఉన్న లెఫ్టినెంట్ వి.కె. జైన్ ఎక్కువ గుర్తుంటాడు. సోనార్‌కి ఇంకా దూరం వినబడేలా మార్పులు చేస్తున్న యువ ఆఫీసర్. సొంత ఓడ చప్పుడు తక్కువుంటేనే సోనార్ బాగా వింటుంది, అందుకని ఓడ నెమ్మదిగా పోవాలి. నెమ్మదిగా పోయే ఓడని కొట్టడం సులువు. ఇంజనీరింగ్‌లో ట్రేడ్-ఆఫ్ అంటే మనకి ఎగ్జామ్‌లో రెండు మార్కుల ప్రశ్న.

ఖుక్రీ వాళ్ల ఇళ్లలో ప్రశ్న వేరు. ఓడ మునిగిందని తెలుసు. ఆ 67 మందిలో మనోడున్నాడా?

చట్టం దగ్గర టైమౌట్ ఉంది. ఏడేళ్లు. మామూలుగా కబురు తెలియాల్సిన వాళ్లకి ఒక మనిషి గురించి ఏడేళ్లు ఏమీ తెలియకపోతే, బతికున్నాడనేవాళ్లే రుజువు చూపాలి. పాత సాక్ష్య చట్టంలో 108వ సెక్షన్, కొత్తదాంట్లో 111. అయితే ఓడ మునగడం చూసినవాళ్లుంటే ఆ పరిస్థితులే రుజువుగా తీసుకోవచ్చు, ఏడేళ్లు ఆగక్కర్లేదు. కాగితం పని అలా అయిపోతుంది.

ఇంట్లో పని అలా కాదు. మా ఇందుకూరుపేట దగ్గర మైపాడులో వేటకి పోయిన పడవ రాకపోతే ఆడవాళ్లు ఒడ్డు వదలరు. దొరకలేదు అనే మాటకీ, లేడు అనే మాటకీ మధ్య చాలా దూరం. శవం లేకపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే ఆచారం మనలో ఉంది. మూఢనమ్మకం అనుకునేవాణ్ణి గానీ, బొట్టు తీయాలో వద్దో తేలక కూర్చున్న మనిషికి ఎవరో ఒకరు ఒక తేదీ చెప్పాలి కదా. నేవీ ఇచ్చే కాగితమైనా అంతే.

ఖుక్రీ వాళ్లకి డయ్యూలో స్మారకం ఉంది, సముద్రం వైపు. ఇళ్లవాళ్లు అక్కడికి పోయి నిలబడొచ్చు. విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న 'విక్టరీ ఎట్ సీ' మన గెలుపుది, 1996లో కట్టారు. ఘాజీలో పోయిన 93 మంది ఇళ్లవాళ్లకి వీసా దొరికి అక్కడిదాకా వచ్చినా, చూడటానికి నీళ్లే. 2024 ఫిబ్రవరిలో మన నేవీ డీప్ సబ్‌మెర్జెన్స్ వెహికల్ ఆ శిథిలాన్ని గుర్తించిందని వార్త వచ్చింది. దాన్ని ముట్టుకోలేదట. లోపల చనిపోయినవాళ్ల మీద గౌరవంతో అలాగే వదిలేశారట.