ముట్టిన సొమ్ము, ముట్టవలసిన సొమ్ము: విక్రేత ఇచ్చే గడువుతో అద్దె మిద్దె కొనుగోలు

పామిడి వంటి పట్టణంలో వాటాలుగా అద్దెకిచ్చే మిద్దెను కొనదలచినవారికి బ్యాంకు రుణం ఒక్కటే మార్గం కాదు. ధరలో కొంత పుచ్చుకొని, మిగిలినదానికి వడ్డీతో గడువిచ్చే విక్రేత కూడా రుణదాతే. చట్టానికి ఇది కొత్త విషయం కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 54వ సెక్షన్ ప్రకారం, కొంత చెల్లించి కొంత చెల్లిస్తానని మాట ఇచ్చిన ధరతోనూ క్రయం పూర్తవుతుంది.

చిక్కంతా దస్తావేజు భాషలో ఉంది. ప్రతిఫలం యావత్తూ ముట్టినదని రాయడం క్రయ దస్తావేజులలో స్థిరపడిన అలవాటు. బాకీ నిలిచి ఉన్నా అదే వాక్యం పడిపోతుంది. ‘ముట్టు’ అంటే తాకడం. చేతిని తాకని సొమ్మును ముట్టినట్లు ఒప్పుకోవడం ఎంత ప్రమాదమో సూరత్‌కు చెందిన ఒక వ్యాజ్యం చూపుతుంది. సుమారు 1.74 కోట్ల రూపాయల ధర 36 చెక్కుల ద్వారా ముట్టినట్లు 2009 నాటి దస్తావేజులో ఉంది. అందినది 40,000 రూపాయలే అంటూ అమ్మినవారు 2014లో కోర్టుకెక్కారు. ధర పూర్తిగా అందకపోవడం రిజిస్టరైన క్రయాన్ని రద్దుచేయడానికి కారణం కాదని, దావాకు కాలదోషం కూడా పట్టిందని 2020 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. అటువంటి విక్రేతకు మిగిలేది ఆస్తి కాదు, సొమ్ము రాబట్టుకొనే హక్కు మాత్రమే.

ఆ హక్కుకు బలం 55(4)(బి) సెక్షన్. రాని సొమ్ముకూ, స్వాధీనం ఇచ్చిన నాటి నుంచి దానిపై వడ్డీకీ ఆస్తి మీద ఛార్జి ఏర్పడుతుంది. అయితే బాకీ సంగతి తెలియక సొమ్మిచ్చి కొన్న మూడో వ్యక్తిపై ఈ ఛార్జి చెల్లదు. ‘యావత్తూ ముట్టినది’ అని చదివినవాడికి బాకీ ఎలా తెలుస్తుంది? అందుచేత ఎంత ముట్టింది, ఎంత ముట్టవలసి ఉంది, ఏ తేదీలకు, ఏ వడ్డీకి అన్నది దస్తావేజులోనే ఉండాలి. కొనుగోలుదారు తిరిగి విక్రేతకు తనఖా దస్తావేజు రాసి రిజిస్టరు చేయిస్తే ఆ భారం ఈసీలో కనిపిస్తుంది. విక్రేతకు అంతకు మించిన రక్షణ అరుదు.

కొనేవాడి లెక్క వేరు. ఉదాహరణకు 30 లక్షల బాకీకి నూటికి నెలకు రూపాయి వడ్డీ అయితే నెలకు 30,000. ఎనిమిది వాటాలకు ఐదేసి వేల చొప్పున అద్దె 40,000. రెండు వాటాలు ఖాళీ అయితే వచ్చినదంతా వడ్డీకే సరి, అసలు కదలదు. వేరుశనగ రాబడి మీద ఆధారపడే కరవు సీమలో, పంట పోయిన ఏడు అద్దెలూ ఆలస్యమవుతాయి. కాబట్టి అసలు కంతులను నెలనెలా కాక పంట చేతికొచ్చే నెలల తరువాత పెట్టించుకోవడం తెలివైన బేరం.

కంతులన్నీ తీరాకే రిజిస్ట్రేషన్ అనే ఒప్పందం పైకి సులువు. కానీ అప్పటిదాకా యాజమాన్యం విక్రేతదే. స్వాధీనం పొందినా, 2001 సవరణ తరువాత ఆ ఒప్పందం రిజిస్టరు కాకపోతే 53ఏ సెక్షన్ రక్షణ అందదు. అప్పుడు కొనుగోలుదారు చేతిలో ఉండేది రసీదుల కట్ట. వాటి మీదనైనా ‘ముట్టినది’ అని విక్రేత సంతకం ఉండాలి.