కట్టెల దొంతి ఒక జీవావాసం: నెల్లూరు తీరప్రాంత నేపథ్యంలో ఒక వివరణ

ఉపోద్ఘాతం

మన పరిశోధనల్లో వంటచెరకు ప్రస్తావన సాధారణంగా మూడు సందర్భాల్లో కనిపిస్తుంది: ఇంధనంగా, అడవుల తరుగుదలకు ఒక కారణంగా, గ్రామీణ స్త్రీల శ్రమకు గుర్తుగా. అయితే కొట్టి తెచ్చిన కట్టె వెంటనే పొయ్యిలోకి పోదు. వారాలు, కొన్నిసార్లు నెలలు పెరట్లో దొంతిగా నిలిచి ఉంటుంది. ఆ వ్యవధిలో అది సాలీళ్ళు, తేళ్ళు, జెర్రులు, కప్పలు, ఎలుకలు, పాములు చేరే ఒక జీవావాసం. ఆ దొంతిలోకి రోజూ చెయ్యి పెట్టే మనిషికి ఇది ప్రాణంతో ముడిపడిన విషయం. నెల్లూరు తీరాన్ని ఆధారంగా చేసుకొని, ఏ జీవి దొంతిలో ఎక్కడ, ఎందుకు చేరుతుందో వివరించడం, ఆ జీవుల గురించిన ఎరుక తెలుగు మాటల్లో ఎలా నిక్షిప్తమై ఉన్నదో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

తీరం, కట్టె, ఋతువు

నెల్లూరు తీరంలో వంటచెరకు ప్రధానంగా రెండు చెట్లనుండి లభిస్తుంది. మొదటిది సరుగుడు. ఇది ఈ నేలకు పరాయి చెట్టు. 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో చెన్నపట్నం వంటిళ్ళకు, రైలింజన్లకు కట్టె అవసరం పెరగడంతో కోరమాండల్ తీరపు ఇసుకనేలల్లో దీన్ని తోటలుగా పెంచారు. రెండవది సర్కారు తుమ్మ. ఇది కూడా బయటినుండి వచ్చినదే. చెరువుగట్లను, బీళ్ళను ఆక్రమించి, పేదలకు ఖర్చులేని కంపగా మిగిలింది. వీటికి ముందు శ్రీహరికోట దీవి అడవి మద్రాసుకు కట్టెను అందించేది. అక్కడి కట్టె బకింగ్‌హామ్ కాలువ మీద పడవల్లో నగరంలోని అడితులకు చేరేది. ఆ కట్టెను సేకరించినవారు ప్రధానంగా యానాదులు. 1969లో ఆ దీవి రాకెట్ ప్రయోగ కేంద్రానికి ఎంపికైన తరువాత ఆ జీవనం మారిపోయింది. 2022 జిల్లాల పునర్విభజనలో శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్ళినప్పటికీ, దాని చరిత్ర నెల్లూరు తీరచరిత్రలో భాగమే.

ఈ రెండు కట్టెలూ దొంతిలో ఒకే విధంగా ఒదగవు. సరుగుడు నిటారుగా, సన్నగా ఉండడంవల్ల దగ్గరదగ్గరగా పేర్చడానికి అనువైనది. అందులో ఏర్పడే సందులు ఇరుకు. తుమ్మకంప వంకరటింకరగా, ముళ్ళతో ఉంటుంది. దానిని ఎంత ఒద్దికగా వేసినా మధ్యలో పెద్ద ఖాళీలు మిగులుతాయి. ఇరుకు సందు సాలీడుకూ తేలుకూ అనుకూలం. పెద్ద ఖాళీ ఎలుకకూ, దాని వెంట వచ్చే పాముకూ అనుకూలం. అంటే దొంతిలో ఏ జీవులు ఉంటాయన్నది కొంతవరకు కట్టె ఆకృతిమీద ఆధారపడుతుంది.

మూడవ అంశం ఋతువు. నెల్లూరు జిల్లాలో ఏడాది వర్షపాతంలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య ఈశాన్య ఋతుపవనాల వల్ల కురుస్తుంది. వానలు రాకముందే ఎండుకట్టెను పోగుచేసి, తడవకుండా ఇంటిగోడకు ఆనించి, పైన తాటాకో టార్పాలినో కప్పడం సహజం. సరిగ్గా ఆ సమయంలోనే పొలాల్లో బొరియలు నీటమునిగి, వాటిలోని జీవులు మెరకను, పొడిచోటును వెదుక్కుంటాయి. మనిషి తనకోసం సిద్ధం చేసుకున్న పొడిచోటు వాటికీ ఆశ్రయమవుతుంది. వానాకాలంలో దొంతి ప్రమాదకరం కావడానికి మూలం ఈ కలయికే.

దొంతి అంతరాలు

దొంతిలో జీవులు చెల్లాచెదరుగా ఉండవు. నేలను తాకే అడుగువరుసలో తేమ, చీకటి ఎక్కువ. అక్కడ బూజు పట్టి, చెదలు చేరి, కట్టె మెత్తబడుతుంది. చెదలను, పుల్లలను తొలిచే పురుగులను తినడానికి కప్పలు, జెర్రులు వస్తాయి. మధ్యవరుసల్లో తేమ తక్కువ, సందులు ఎక్కువ. బొద్దింకలు, కీచురాళ్ళు, వాటిని వేటాడే సాలీళ్ళు, బల్లులు, తేళ్ళు అక్కడ ఉంటాయి. ఎండ తగిలే పైవరుసలో పగటిపూట జీవసంచారం తక్కువ. కాబట్టి పొడిగా ఉన్న పైకట్టెను తీసుకున్నంతకాలం ప్రమాదం కొంత తగ్గుతుంది. పైకట్టె తడిసినప్పుడు లోపలి పొడికట్టె కోసం మధ్యకో అడుక్కో చెయ్యి పోతుంది. కాట్లకు, కుట్లకు అవకాశం పెరిగే సందర్భం అది.

సాలీళ్ళు, తేళ్ళు: భయానికీ ప్రమాదానికీ మధ్య తేడా

కట్టెల్లో కనిపించే పెద్ద సాలీడు చాలామందిని భయపెడుతుంది. చదునైన శరీరం, పొడవైన కాళ్ళతో, గూడు అల్లకుండా పరుగెత్తి బొద్దింకలను పట్టే ఈ సాలీడును శాస్త్రజ్ఞులు హెటెరోపోడా వెనటోరియా అంటారు. మనిషికి దీనివల్ల చెప్పుకోదగిన హాని లేదు.

సాలీడుకూ కట్టెకూ ఉన్న సంబంధానికి తెలుగునేలమీద ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి ఉంది. 1899లో ఆర్. ఐ. పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు నీలికాంతితో మెరిసే ఒక పెద్ద సాలీడును వర్ణించి పొయిసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆ నమూనా దొరికినది అనంతపురం ప్రాంతపు గుత్తిలో, రైల్వే కలప నిల్వచోటులో. ఆ తరువాత నూరేళ్ళకు పైగా ఆ జాతి మళ్ళీ శాస్త్రజ్ఞుల కంటబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో అది కనిపించినప్పుడు, గుత్తి దాని స్వస్థలం కాదనీ, కలపతోపాటు రైల్లో అక్కడికి చేరి ఉంటుందనీ తెలిసింది. చెట్టుతొర్రల్లో నివసించే ఈ సాలీడు 2008 నుండి అంతరించే ప్రమాదం అత్యధికంగా ఉన్న జాతుల జాబితాలో ఉంది. కలపకోసం, వంటచెరకుకోసం చెట్లు నరకడం దాని నివాసానికి కలిగిన ముప్పుల్లో ఒకటి. కట్టెతోపాటు జీవి ప్రయాణిస్తుందనీ, కట్టె కొట్టినచోట దాని ఇల్లు పోతుందనీ ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది.

తేళ్ళ విషయంలో జనభయం చాలాసార్లు తారుమారుగా ఉంటుంది. లావైన పట్టకొమ్ములు, నల్లని దేహం గల మండ్రగబ్బను చూసి ఎక్కువగా భయపడతారు. దాని కుట్టు నొప్పి కలిగించినా ప్రాణాంతకం కావడం అరుదు. ప్రాణంమీదికి తెచ్చేది సన్నని కొమ్ములు, లావైన తోక గల చిన్న ఎర్రతేలు. దాని విషం గుండెను, రక్తప్రసరణను దెబ్బతీస్తుంది. పిల్లలకు మరీ ప్రమాదం. 1980ల నుండి మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రజోసిన్ అనే మందుతో చేసిన చికిత్స ఈ మరణాలను బాగా తగ్గించింది. ఆకారం చూసి ప్రమాదాన్ని అంచనా వేయకూడదని, కుట్టిన తేలు చిన్నదని ఊరుకోకూడదని దీనివల్ల గ్రహించాలి.

ఎలుకలు: పేర్లలో దాగిన పరిశీలన

దొంతిలో సందడి చేసేవన్నీ ఎలుకలు కావు. ఘాటైన వాసన గల చుంచు నిజానికి ఎలుకల వర్గానికి చెందదు. అది పురుగులను తినే జీవి. ఎలుక, చిట్టెలుక కట్టెసందుల్లో గూడు పెడతాయి. పందికొక్కు దొంతి కింద నేలను తవ్వుతుంది. ఆంగ్లంలోని ‘బాండికూట్’ అనే మాటకు మూలం తెలుగు ‘పందికొక్కు’ అని నిఘంటుకారులు అంగీకరించినదే. అదే మాట తరువాత ఆస్ట్రేలియాలోని, ఎలుకతో సంబంధంలేని మరో జంతువుకు పేరైంది.

ఈ తీరంలో ఎలుకలను అందరికన్నా నిశితంగా గమనించినవారు యానాదులు. బొరియ నోట గడ్డి కుక్కిన కుండతో పొగ ఊది ఎలుకలను పట్టడం, బొరియలో అవి దాచిన ధాన్యాన్ని తీసుకోవడం వారి జీవనోపాధుల్లో ఒకటి. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన టి. సి. జెర్డన్, 1867లో వెలువడిన తన భారతదేశ క్షీరదాల గ్రంథంలో కొన్ని ఎలుకజాతుల పేర్లను ‘యానాదుల తెలుగు’ అని పేర్కొంటూ నమోదు చేశాడు. వాటిలో ఒకటి రోమన్ లిపిలో ‘మెట్ట’ అనీ ‘మెత్త’ అనీ రెండు విధాలా చదవగలిగిన ఎలుక పేరు. అదే జీవికి ఒడ్డెర్లు చెప్పిన పేరు మిల్లార్డియా మెల్టాడా అనే శాస్త్రీయ నామంలో ధ్వనిస్తుంది.

ఇక్కడ భాషాపరిశోధకులకు ఒక సమస్య ఎదురవుతుంది. రోమన్ లిపిలో టకార ద్విత్వానికీ తకార ద్విత్వానికీ భేదం లేదు. ‘మెత్త ఎలుక’ అయితే ఆ పేరు దాని మెత్తని బొచ్చును చెబుతుంది. ‘మెట్ట ఎలుక’ అయితే అది తిరిగే మెట్టపొలాన్ని చెబుతుంది. ఈ జీవికి రెండు లక్షణాలూ ఉన్నాయి. ఒకటి స్పర్శజ్ఞానం, మరొకటి స్థలజ్ఞానం. యానాదులు దేనిని ఉద్దేశించారో లిఖిత ఆధారం చెప్పదు. ఆ మాట పలికే నోరే చెప్పాలి. జీవుల పేర్లను తెలుగు లిపిలో, ఉచ్చారణతో సహా సేకరించవలసిన అవసరం ఎంతటిదో చూపడానికి ఇంతకంటే చిన్న, స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

ఎలుకలవల్ల రోగభయమూ ఉంది. వాటి మూత్రంతో కలుషితమైన నీటివల్ల లెప్టోస్పైరోసిస్ సోకుతుంది. ఎలుకలనూ పొదలనూ ఆశ్రయించే కంటికి ఆనని పురుగుల పిల్లలు కుట్టడంవల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది. కంపకొట్టేవారికి, పొదల్లో పుల్లలేరేవారికి జ్వరం వస్తే, ఒంటిమీద నల్లని చెక్కు కట్టిన మచ్చ ఉందేమో వెదకడం అవసరం.

పాములు: ఎలుక వెంట వచ్చే అతిథి

పాము కట్టెకోసం రాదు. ఎలుక, కప్ప, బల్లి కోసం వస్తుంది. తరచుగా కనిపించే జెర్రిపోతుకు విషం లేదు. ఎలుకలను తిని మేలే చేస్తుంది. విషసర్పాలలో నాగుపాము, రక్తపింజరి, చిన్న పింజరి, కట్లపాము ముఖ్యమైనవి. వీటిలో కట్లపాము పద్ధతి వేరు. అది రాత్రి సంచరిస్తుంది. కాటు నొప్పి చాలా తక్కువ. నేలమీద పడుకున్నవారు కాటు పడినట్టే గ్రహించకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, ఊపిరి అందకపోవడం కనిపిస్తాయి. పడుకునే గదిగోడకు ఆనించి దొంతి వేయడం ఎందుకు తగదో ఈ ఒక్క పాము చాలు చెప్పడానికి.

ఈ జ్ఞానానికీ తెలుగు మూలాలున్నాయి. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ప్యాట్రిక్ రస్సెల్ 1796లో ప్రచురించిన కోరమాండల్ తీర సర్పాల గ్రంథంలో స్థానికులు చెప్పిన పేర్లనే వాడాడు. నేడు అతని పేరుతో ప్రపంచం పిలుస్తున్న రక్తపింజరిని అతడు ‘కాటుక రేకుల పొడ’ అని నమోదు చేశాడు. వీపుమీది నల్లని అంచుల మచ్చలను ఇంతకంటే చక్కగా వర్ణించిన మాట లేదు. కట్లపాముల ప్రజాతికి గల ‘బంగారస్’ అనే శాస్త్రీయ నామం తెలుగు ‘బంగారు’ నుండి ఏర్పడినదే.

2020లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం 2000, 2019 మధ్య భారతదేశంలో పాముకాటువల్ల సుమారు 12 లక్షలమంది మరణించారు. అంటే సగటున ఏటా 58,000 మంది. మరణాలు అధికంగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం ఒకటి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఈ నిర్లక్ష్యం భౌగోళికమైనది మాత్రమే కాదు, సామాజికమైనది కూడా. కంప కొట్టేవారు, పుల్లలేరేవారు, నేలమీద పడుకునేవారు ఎవరో మనకు తెలుసు.

దొంతి పేర్పు: చంపడం కంటే అమరిక

పై వివరణనుండి ఒక ఆచరణసూత్రం వస్తుంది. జీవులను చంపడంవల్ల దొంతి సురక్షితం కాదు. ఒకటి పోతే మరొకటి చేరుతుంది. దొంతిని పేర్చే తీరు మారితే వాటికి అక్కడ ఉండే కారణమే తగ్గుతుంది. రాళ్ళమీదో మొద్దులమీదో, అడుగున వెలుతురు కనిపించేంత ఎత్తులో పేర్చాలి. కొద్దిపాటి ఎత్తు చాలదు. అది చెదలను ఆపినా పందికొక్కుకు పైకప్పు అవుతుంది. ఇంటిగోడకు, పడకకు దూరంగా ఉంచాలి. ధాన్యం, పశువులదాణా పక్కన ఉండకూడదు. తుమ్మకంపను, సరుగుడును వేర్వేరుగా వేయాలి. వానలకు ముందు ఒకసారి దొంతిని పూర్తిగా విప్పి, ఎండలో తిరిగి పేర్చాలి. కట్టెను చేత్తో లాగక ముందు కర్రతో కదిలించాలి. రాత్రి వెలుతురు లేకుండా ముట్టుకోరాదు. పాము కరిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం మాని, కరిచిన అవయవాన్ని కదలనీయకుండా విషవిరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చాలి.

ముగింపు

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం గ్యాసుపొయ్యిని పల్లెకు చేర్చాయి. అయినా నీళ్ళు కాచుకోవడానికి, విందుల గాడిపొయ్యిలకు, సిలిండరు కొనలేని రోజులకు కట్టె మిగిలే ఉంది. దొంతి చిన్నదయింది కాని పోలేదు. వేగంగా తరుగుతున్నది దానిని చదవగల నేర్పు.

పొరుగున తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరుళుల పాములు పట్టేవారి సహకార సంఘం, విషవిరుగుడు మందు తయారీకి విషాన్ని అందిస్తున్నది. ఆ సంఘానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సదయ్యన్‌లకు 2023లో పద్మశ్రీ లభించింది. ఒక సముదాయపు ఎరుకకు సంస్థారూపం దొరికితే అది ఎన్ని ప్రాణాలకు రక్షణ కాగలదో దీనివల్ల తెలుస్తుంది. యానాదుల సంక్షేమానికి వెన్నెలకంటి రాఘవయ్య వంటివారు జీవితాంతం కృషిచేశారు. వారి జీవశాస్త్ర పదజాలం మాత్రం ఇప్పటికీ ఎక్కువభాగం నోటిమీదనే ఉంది. రస్సెల్, జెర్డన్ తమ లిపిలో రాసుకున్నదానిని మన లిపిలో, చెప్పినవారి ఉచ్చారణతో, వారికి గుర్తింపునిస్తూ తిరిగి రాయడం తెలుగు, జంతుశాస్త్ర, మానవశాస్త్ర శాఖలు కలిసి చేపట్టదగిన పని. ఆ పనికి దూరం పోనక్కరలేదు. పెరటిలోని కట్టెల దొంతి దగ్గర మొదలుపెట్టవచ్చు.