బావగారి బెంజి

మా బావగారు పాత బెంజికారు కొంటానని బయలుదేరారు. 2017లో మన దేశానికి వచ్చిన పొడుగాటి ఈ-క్లాసు. రకాలు మూడు: పెట్రోలుది ఈ-200, డీజిలువి ఈ-220డి, ఈ-350డి.

"దర్జా అంటే ఆరు సిలిండర్లదేనోయ్!" అన్నారు 350ని చూపిస్తూ. కాదనను. దానిది 258 అశ్వశక్తి, 200ది 184. కాని వెనక కూర్చునేది మోకాళ్ల నొప్పుల అత్తయ్య. ఆవిడ కాళ్లు చాపుకునే చోటు మూడింటిలోనూ ఒక్కటే. మామూలు ఈ-క్లాసు కన్నా చక్రాల నడుమ 140 మిల్లీమీటర్లు ఎక్కువ.

బావగారి ప్రయాణాలా, ఇంటినుంచి ఆస్పత్రికీ, కూరల బజారుకూను! డీజిలు కారు పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఒకటుంటుంది. బండి వేడెక్కి కొంతదూరం పరుగెత్తితేగాని ఆ మసి కాలదు. వీధి తిరుగుళ్లకు అది పూడుకుపోతుంది. నెలనెలా బెజవాడ వెళ్లివచ్చేవారైతే 220డి అనేవాణ్ణి. ఈయనకు 200 చాలు.

"పెట్రోలు ఖర్చో?" అంది అక్కయ్య. తిరిగేదెంత గనక!

బేరానికి అత్తయ్యను వెంట తీసుకెళ్లమన్నాను. ఆ పల్లపు సీటులోంచి లేవగలరో లేదో ఆవిడే చెప్పాలి.