నాటిన కంటిపొర – మందు వేళ



కంటి నల్లగ్రుడ్డునకు ముందు అద్దమువంటి పొర యొకటి గలదు. దానిని కార్నియా యందురు. ముల్లు గ్రుచ్చుకొనియో, పుండు పడియో అది తెల్లబారినచో చూపు చెడును. అట్టివారికి, మరణించినవారు దానమిచ్చిన కంటినుండి ఆ పొరను దీసి యమర్తురు. 1905లో మధ్య ఐరోపాయందలి ఓలోమౌట్స్ పట్టణమున ఎడ్వర్డ్ జిర్మ్ అను వైద్యుడు మొట్టమొదట కంటిపొర మార్పిడిని జయప్రదముగా జేసెను. హైదరాబాదున 1987లో నెలకొన్న ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు 2023 నాటికి 50,000 మార్పిళ్లు గావించిరి.

అయితే పొరను కుట్టుటతో పని ముగియదు. మన దేహమున నొక కావలిశక్తి గలదు. అది పెంపుడు కుక్క వంటిది. మనము పిలిచిన చుట్టమును గూడ కరవవచ్చును. కార్నియాలో నెత్తురు నాళములు లేవు గావున ఆ కుక్క కొత్తవానిని త్వరగా పసిగట్టదు. పూర్వరోగముచే నాళములు ప్రాకిన కంటిలో మాత్రము వెంటనే పసిగట్టును. అట్టివారిలో కొందరికి మాత్రలు గూడ నిత్తురు.

తక్కినవారికి స్టెరాయిడు చుక్కలే ముఖ్యము. శస్త్రచికిత్స మొదలుకొని దినమునకు పలుమార్లు, పిమ్మట క్రమముగా తగ్గించుచు నెలల తరబడి, కొందరికి ఏడాదికి మించియు వేయవలయును. చూపు వచ్చినదిగదా యని మానినచో కుక్క గొలుసు విప్పినట్లే. అట్లని తోచినట్లు ఎక్కువ వేసికొనరాదు. కంటిలో ఒత్తిడి పెరుగును, శుక్లములు రావచ్చును, సూక్ష్మజీవులు చొరబడవచ్చును. తగ్గించుటయు, మానుటయు వైద్యుని మాటపైననే జరుగవలయును.

కన్ను ఎఱ్ఱబారుట, వెలుతురు చూడలేకుండుట, చూపు మసకబారుట, నొప్పి: వీనిలో నేదైనను తోచినచో ఆనాడే బయలుదేరుడు. ఏండ్లు గడచినను ఈ యాపద రావచ్చును. పొర లోపలి వరుసలోని కణములు నశించినచో మరల పుట్టవు. తొలిదినముననే మందు పడినచో పొర నిలుచుట కవకాశమెక్కువ. వారము జాగుచేసినచో అది ఉబ్బి శాశ్వతముగా తెల్లబారవచ్చును.

మా డొంకరాయి వంటి కొండయూళ్లకు విశాఖపట్టణము దూరము. వానకాలమున ఘాటుదారి నమ్మరానిది. కావున ఒక సీసా అడుగంటకమున్నే రెండవది తెప్పించి యుంచుడు. వైద్యుడు రమ్మన్న తేదీని ఇంటి గోడపై వ్రాయుడు. వృద్ధులకు చుక్కలు వేయు బాధ్యతను ఇంటిలో నొకరికి ఒప్పగింపుడు. మరణించిన పుణ్యాత్ముడొకడు ఇచ్చిపోయిన చూపు మన యశ్రద్ధచే పాడుగాకుండుగాక.