పాలు పొంగిన మర్నాడు: కొత్త ఇంట్లో ముందుగా చూసుకోవాల్సినవి

గృహప్రవేశం నాడు పాలు పొంగుతాయి, బంధువులు భోజనాలు చేసి వెళతారు, మర్నాటి నుంచి సామాను సర్దుకోవడంతోనే పొద్దు గడిచిపోతుంది. వంటగది ఏ మూలన ఉండాలో, సింహద్వారం ఎటు చూడాలో పదిమందిని అడిగి తెలుసుకున్న కుటుంబాలు సైతం స్నానాల గదిలోని గీజర్‌కు ఎర్తింగ్ ఉందా అని అడగటం అరుదు. బీరువాలు, మంచాలు గోడలను కప్పేయకముందే ఇంటిని ఒకసారి పరీక్షించుకుంటే లోపాలు కంటికి కనిపిస్తాయి, వాటిని సరిచేయించుకోవడమూ తేలికవుతుంది.

అన్నిటికంటే ముందు చూడాల్సింది విద్యుత్తు. బోర్డులోని ఎంసీబీలు తీగలను అధిక లోడు నుంచి, షార్ట్ సర్క్యూట్ నుంచి కాపాడతాయి. మనిషి ప్రాణాన్ని కాపాడటానికి ఉద్దేశించినది ఆర్‌సీసీబీ అనే మరో పరికరం. ఇళ్లలో సాధారణంగా వాడే రకం, 30 మిల్లీఆంపియర్ల కరెంటు పక్కదారి పట్టినా క్షణంలో సరఫరాను నిలిపివేస్తుంది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నొక్కగానే కరెంటు పోవాలి. పోలేదంటే దాన్ని మార్పించాలి. బోర్డులో అసలు ఆ పరికరమే లేకపోతే మిగతా పనులన్నీ పక్కనపెట్టి ముందు అది పెట్టించుకోవాలి.

అయితే ఈ బటన్ పనిచేసినంత మాత్రాన ఎర్తింగ్ సవ్యంగా ఉన్నట్లు కాదు. దాన్ని విడిగా చూడాలి. ఎలక్ట్రీషియన్ మల్టీమీటరుతో కొలిచినప్పుడు ఫేజుకూ ఎర్తుకూ మధ్య సుమారు 230 వోల్టులు, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య కొద్ది వోల్టులు మాత్రమే కనిపించాలి. ఇక్కడే ఒక మోసానికి తావుంది. పని తొందరలో కొందరు సాకెట్ వెనుక న్యూట్రల్ తీగనే ఎర్తు రంధ్రానికి కలిపేస్తారు. కొలతలో తేడా పెద్దగా తెలియదు. కానీ ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే గీజర్ పైభాగానికి, ఇనుప కూలర్ ఒంటికి నేరుగా కరెంటు చేరుతుంది. అందుకే మెయిన్ ఆపించి, గీజర్, కూలర్ సాకెట్లను విప్పించి కళ్లారా చూసుకోవడం మేలు.

గ్యాస్ పొయ్యి విషయంలో పాత ఇంటి రబ్బరు గొట్టాన్నే కొత్త ఇంటికి తెచ్చుకోవడం మామూలే. దాని మీద ముద్రించిన గడువును చూసి, దాటిపోయి ఉంటే మార్చాలి. అతుకుల దగ్గర సబ్బు నురగ రాస్తే లీకేజీ బుడగల రూపంలో బయటపడుతుంది. అగ్గిపుల్లతో పరీక్షించకూడదు. లీకేజీ ఫిర్యాదులకు 1906 నంబరు ఉంది.

నీటి దగ్గరకు వస్తే, కొత్త కట్టడాల్లో కుళాయి ధార సన్నగిల్లితే అందరూ మోటారునో ట్యాంకు ఎత్తునో తప్పుపడతారు. చాలాసార్లు కారణం కుళాయి మూతికుండే జాలీలో ఇరుక్కున్న ఇసుక, సిమెంటు రేణువులే. జాలీ విప్పి కడిగితే సరిపోతుంది. సంపును, పైట్యాంకును మాత్రం ఖాళీ చేయించి, అడుగున పేరుకున్న మడ్డి తీయించి, బ్లీచింగ్ పౌడరు నీళ్లతో కడిగించి, ఆ నీటిని పారబోసిన తర్వాతే వాడకం మొదలుపెట్టాలి.

స్నానాల గది నేలకు మరో పరీక్ష ఉంది. నీరు పోయే రంధ్రాన్ని గుడ్డతో బిగించి, అంగుళం మేర నీళ్లు నింపి 24 గంటలు ఉంచాలి. ఆ తర్వాత కింది అంతస్తువారి పైకప్పు చూడాలి. అక్కడ చెమ్మ కనిపిస్తే వాటర్‌ప్రూఫింగ్ సరిగా లేదని అనుమానించాలి. వైశాఖ ముహూర్తానికి ఇంట్లో చేరినవారికి జూన్ వానలకు మిగిలే వ్యవధి తక్కువ. డాబా మీద నీరు నిలిచే చోట్లను, వాన గొట్టాల మూతులను ఆలోగానే చూసుకోవాలి. గోడ పూత మీద వెంట్రుకలాంటి పగుళ్లు సిమెంటు ఆరేకొద్దీ వచ్చేవే. దూలం, స్తంభం కలిసేచోట ఏటవాలుగా సాగుతూ వెడల్పయ్యే పగులును మాత్రం ఇంజనీరుకు చూపించాలి.

బయటపడిన లోపాల ఖర్చంతా యజమాని నెత్తినే పడాలని లేదు. 2016 నాటి రెరా చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోగా నిర్మాణ లోపాన్ని గాని, పనితనం, నాణ్యత, సదుపాయాల లోపాన్ని గాని బిల్డర్ దృష్టికి తెస్తే, ఆయన అదనపు రుసుము లేకుండా 30 రోజుల్లో సరిచేయాలి. చేయకపోతే పరిహారం కోరవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఫిర్యాదులు స్వీకరించే రెరా సంస్థలు ఉన్నాయి. వాచ్‌మన్‌కు చెప్పామనో, సైట్ ఇంజనీరుకు ఫోన్ చేశామనో అంటే తర్వాత రుజువు చేసుకోవడం కష్టం. తేదీతో కూడిన ఫొటోలు జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులోనో ఈమెయిల్‌లోనో రాతపూర్వకంగా పంపి, నకలును ఇంటి దస్తావేజులతో పాటు భద్రపరచుకోవాలి.