అంగడి మెట్టెక్కని బేరము

పూర్వము శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రమును కొనదలచినవారు అంగడికి పోయి, బట్టను చేతితో తడవి చూచి, బేరమాడి కొనెడివారు. నేడు చిత్తూరులోని గృహిణి ఇంటనుండియే సెల్‌ఫోనులో బొమ్మ చూచి దానిని తెప్పించుకొనవచ్చును. అయినను కొందరు కొందురు, కొందరు వెనుదీయుదురు. ఈ సంకల్పము మనస్సులో ఎట్లు పుట్టునో విచారింతము.

నూతన యంత్రసాధనమును జనులు అంగీకరించుటకు రెండు భావములు ముఖ్యమని 1989లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ డేవిస్ ప్రతిపాదించెను. అది ఉపయోగకరమను భావము ఒకటి. వాడుట సులభమను భావము రెండవది. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనపు టిక్కెట్టును ఆన్‌లైనులో ముందుగా తీసికొన్నచో దినమును, వేళయు తెలియును. ఈ ప్రయోజనము స్పష్టము గనుకనే, ఫోను వాడుట అంతగా ఎరుగని పెద్దలు సైతము మనుమలచేత టిక్కెట్లు తీయించుకొనుచున్నారు.

1991లో ఐజెక్ ఐజెన్ అను మనస్తత్వవేత్త మానవుని సంకల్పమునకు మూడు మూలములు చెప్పెను: తన అభిప్రాయము, తనవారి అభిమతము, ఈ పని నాకు చేతనగునను ధైర్యము. పొరుగింటివారి మెప్పు రెండవదానిని, మనుమని బోధన మూడవదానిని బలపరచును.

వీనికి తోడు కావలసినది నమ్మకము. వస్త్రము కలముతో వ్రాసినదో, అచ్చు వేసినదో బొమ్మలో తెలియుట కష్టము. ఈ శంకను తగ్గించుటకే సరకు అందిన పిదప సొమ్మిచ్చు పద్ధతి వచ్చినది. ఫ్లిప్‌కార్ట్ సంస్థ దానిని 2010లో ప్రవేశపెట్టెను.

తొందర మరియొక బలమైన ప్రేరణ. దర్శనపు టిక్కెట్లు నిజముగనే త్వరగా చెల్లిపోవును. ఆ ఆతురతనే ఆసరాగా గొని, దేవస్థానము పేరిట నకిలీ వెబ్‌సైట్లు పెట్టి యాత్రికులను వంచించినవారు కలరు. అసలు చిరునామా చివర ‘ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ అని ఉండును. వర్తకమున “ఇక రెండే మిగిలినవి” యని అబద్ధపు తొందర పెట్టుట, అడుగని వస్తువును బుట్టలో చేర్చుట మున్నగు 13 మాయోపాయములను కేంద్ర ప్రభుత్వము 2023 నవంబరు 30న నిషేధించినది.

సొమ్ము మోసపోయినచో తక్షణమే 1930 నంబరునకు, సరకు విషయమై ఫిర్యాదు ఉన్నచో 1915 నంబరునకు ఫోను చేయవలెను. అంగడిలో బట్టను తడవి చూచిన ఆ చేతి నిదానమే, మీట నొక్కు వ్రేలికిని అలవడవలెనని మా విన్నపము.