ఫిసల్‌బండ దుర్భిణి నుంచి నోవా గీతల దాకా

1901 ఫిబ్రవరిలో పెర్సియస్ రాశిలో ఒక నోవా పేలింది. రెండు మూడు రోజుల్లోనే ఆకాశంలోని అతి ప్రకాశవంతమైన తారల సరసన చేరింది. అదే ఏడాది నవాబు జఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ దుర్భిణి కొని, పాతబస్తీ ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో నిజామియా వేధశాలకు పునాది వేశాడు. 1908లో అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది, ఆనక బేగంపేటకు తరలింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరింది. అక్కడి 8 అంగుళాల కెమెరా దుర్భిణితో లక్షల తారల స్థానాలు గాజు పలకలకెక్కాయి.

స్థానం, వెలుగు తెలిస్తే పేలుడు ఆకారం తెలిసినట్టు కాదు. వెలుగును రంగులుగా విడదీయాలి. 1866 మేలో విలియం హగ్గిన్స్ ఉత్తర కిరీట రాశిలోని నోవాను స్పెక్ట్రోస్కోపుతో చూసి, హైడ్రోజన్ మెరుపు గీతలను పట్టుకున్నాడు. నోవాల వర్ణపటశాస్త్రం అక్కడే మొదలైంది.

నోవాలో తార నశించదు. శ్వేతకుబ్జ తార తన జంటతార నుంచి లాక్కున్న హైడ్రోజన్ పొర అణుసంలీనంతో పేలి, సెకనుకు వందలు, వేల కిలోమీటర్ల వేగంతో చిమ్ముతుంది. హైడ్రోజన్ ఎరుపు గీత ఉండాల్సిన చోటు 656.3 నానోమీటర్లు. సెకనుకు 1000 కిలోమీటర్ల వేగంతో మనవైపు వచ్చే వాయువు గీత నీలంవైపు 2.2 నానోమీటర్లు జరుగుతుంది. అంతే వేగంతో అటు పోయేది ఎరుపువైపు జరుగుతుంది. అందుకే సన్నని గీత వెడల్పాటి పట్టీ అవుతుంది. ఆ వెడల్పే వేగం లెక్క.

పట్టీ తీరు ఆకారం చెబుతుంది. పలుచని గోళాకార పొరైతే దాని శిఖరం చదునుగా ఉంటుంది. రెండు మూపురాలు కనిపిస్తే వాయువు వలయంగానో, రెండు ధ్రువాల దిక్కుగానో చిమ్మిందని అనుమానించాలి. నీలపు అంచున నల్లటి గాడి పడితే, తారకూ మనకూ మధ్య వాయువు అడ్డుందన్నమాట. కొన్నాళ్లకు 500.7 నానోమీటర్ల దగ్గర ఆక్సిజన్ గీత వెలిగితే వాయువు బాగా పలచబడినట్టు. నియాన్ గీతలు బలంగా ఉంటే పేలిన శ్వేతకుబ్జం ఆక్సిజన్, నియాన్‌లతో కూడినదని తెలుస్తుంది.

ఉస్మానియా 1968లో జాపాల్–రంగాపూర్‌లో 48 అంగుళాల దుర్భిణి నెలకొల్పింది. దానికి స్పెక్ట్రోగ్రాఫూ తోడైంది. ఫిసల్‌బండలో మొదలైన కృషి అలా చుక్కల లెక్క నుంచి తారల భౌతికశాస్త్రానికి ఎదిగింది.

మన డిగ్రీ కళాశాలల ఫిజిక్స్ ల్యాబుల్లో వెలుగును రంగులుగా విడదీసే గ్రేటింగులు ఉన్నాయి. సోడియం దీపంతోనే ఆగిపోకుండా, చిన్న దుర్భిణికి గ్రేటింగు, కెమెరా బిగించి విద్యార్థులను ఆకాశం చూడనివ్వండి. ప్రకాశవంతమైన నోవా గీతలు నమోదు చేయడానికి ఆ సరంజామా చాలు.